పాత ఇల్లు బాగుచేయించాలంటే ఎవర్ని అడగాలి?

(పాత ఇళ్ళున్నవారి కోసం నెల్లూరులో ఏర్పాటైన సమావేశంలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండయ్యా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి, మైకులో గాలి తప్ప నా మాట వినపడేట్టు లేదు.

ఇందాక టీ దగ్గర నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. “సార్, దీనికి గవర్నమెంటు వాళ్ళు ఏమన్నా ఇస్తారా?” అని. ముందు ఆ సంగతి తేల్చేద్దాం, లేకపోతే నేను ఎంతసేపు మాట్లాడినా మీ మనసు అక్కడే ఉంటుంది. ఇవ్వరు. కేంద్ర పురావస్తు శాఖకి 1958 నాటి చట్టం ఉంది, ఆ చట్టం కింద రక్షిత కట్టడాల జాబితా ఉంది. రాష్ట్ర శాఖకి 1960 నాటి చట్టం ఉంది, దానికో జాబితా ఉంది. వాళ్ళ డబ్బు ఆ జాబితాల్లో ఉన్నవాటికే. మీ తాతగారు కట్టించిన మిద్దె ఆ జాబితాలో ఉందా? లేదు కదా. ఇక ఆవాస్ యోజనల సొమ్ము ఇల్లు లేనివాళ్ళ కోసం, ఉన్న ఇంటికి సున్నం కొట్టించుకోడానికి కాదు. బ్యాంకులు మరమ్మతు లోను ఇస్తాయి, కాగితాలు సరిగ్గా ఉంటే. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మీరుండే ఇంటికి కొత్తగా కట్టడానికో కొనడానికో తీసుకున్న అప్పు మీద వడ్డీకి పాత పన్ను విధానంలో రెండు లక్షల దాకా మినహాయింపు ఉంటే, మరమ్మతుకి తీసుకున్న అప్పుకి ముప్పై వేల వరకే. మీ ఆడిటర్ని అడిగి దిగండి. అంతే, డబ్బు సంగతి అయిపోయింది.

డబ్బు ఇచ్చేవాళ్ళు లేరంటే సాయం చేసేవాళ్ళే లేరనా? కాదు. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది అదే. “పాత ఇళ్ళు బాగుచేయబడును” అని బోర్డు పెట్టుకున్న షాపు మన నెల్లూరులో చూశారా? ఒంగోలులో చూశారా? నేను చూళ్ళేదు. బోర్డు లేదు గానీ మనుషులున్నారు. వేరే పేర్లతో ఉన్నారు, వేరే పనుల్లో ఉన్నారు. ఒకాయన గుడి గోపురం మీద ఉంటాడు. ఒకాయన రథానికి చక్రాలు బాగుచేస్తా ఉంటాడు. ఒకమ్మాయి విజయవాడలో ఆర్కిటెక్చరు చదువుతా ఉంటుంది. “నా ఇల్లు ఎవరు బాగుచేస్తారు?” అని అడిగితే ఎవరూ పలకరు. ఇంటిని విడగొట్టి అడగండి. సున్నం ఎవరికి తెలుసు? దూలం ఎవరికి తెలుసు? పెంకు ఎవరికి తెలుసు? కొలతలు ఎవరు తీస్తారు? కాగితం ఎక్కడుంది? అప్పుడు ఒక్కోదానికి ఒక్కో మనిషి దొరుకుతాడు.

అట్టా అడగాలంటే ముందు మీ ఇల్లు దేంతో కట్టారో మీకు తెలియాలి. నవ్వకండి. పుట్టి పెరిగిన ఇల్లే, పైకప్పులో ఏముందో ఎంతమందికి తెలుసు? నెల్లూరు ఊళ్ళో, బుచ్చి, కోవూరు, అల్లూరు వైపు పాతకాలపు పెద్ద ఇళ్ళు ఎక్కువగా దంతెల మిద్దెలు. దూలాల మీద దంతెలు, అంటే అడ్డంగా పరిచే సన్నటి వాసాలు, ఆ దంతెల మీద పలచటి చిన్న ఇటుకల్ని పక్కకి నిలబెట్టి మూలవాటుగా పేర్చి సున్నంతో కడతారు. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోసి, కూలి ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు చల్లుకుంటా కొట్టేవాళ్ళు. దీన్ని మద్రాసు మిద్దె అంటారు. మనం 1953 దాకా మద్రాసుతోనే ఉన్నాం కదా, మేస్త్రీ పద్ధతులు కూడా అక్కడివే. కనిగిరి దాటి మార్కాపురం, గిద్దలూరు వైపు పోండి, అక్కడ చవుడు మిద్దెలు, అంటే పైన చవుడు మట్టి పరిచినవి, కనపడతాయి. సముద్రం వైపు వస్తే పెంకుటిళ్ళు. మూడింటికీ మందు ఒకటి కాదు. ఒంగోలు మేస్త్రీ గిద్దలూరు చవుడు మిద్దెకి, గిద్దలూరు మేస్త్రీ నెల్లూరు మిద్దెకి పనికిరాకపోవచ్చు.

ఇంటికెళ్ళి ఒక పని చేయండి. పెచ్చు ఊడిన చోట గోడ లోపల్నించి సున్నపు ముద్ద ఒకటి తీయండి, రేగికాయంత చాలు. పగలగొట్టి ఎండలో పెట్టి భూతద్దంతో చూడండి. తెల్లటి చుక్కలు ఉంటాయి, అవి సరిగ్గా కలవని సున్నం. ఎర్రటి నలుసులు ఉంటే ఇటుక పొడి వేశారు. సన్నటి వంపు తిరిగిన ముక్కలు, గోరు ముక్కల్లాంటివి కనపడితే అది గుల్ల సున్నం, సముద్రపు గుల్లలు కాల్చి చేసింది. ఇసుక గింజ లావా సన్నమా అనేది వేళ్ళ మధ్య నలిపితేనే తెలిసిపోతుంది. రేపు మీరు మేస్త్రీ దగ్గరికి పోయినప్పుడు “పాత ఇల్లండీ” అనకుండా ఆ ముద్ద ఆయన చేతిలో పెట్టండి. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి ఏదన్నా అన్నాడా, ఆయనకి పని తెలుసు. చూడకుండా పక్కన పెట్టి “ఇదంతా తీసేసి సిమెంటు కొట్టేద్దాం సార్” అన్నాడా, మంచినీళ్ళు తాగి వచ్చేయండి.

సిమెంటు గురించి రెండు మాటలు చెప్పాలి. సిమెంటు మీద నాకు కోపమేమీ లేదు, ఉద్యోగం చేసినన్నాళ్ళూ దాంతోనే బతికాను. కొత్త ఇంటికి అది సరిపోతుంది. పాత గోడకి పునాది దగ్గర చెమ్మని ఆపే పొర ఉండదు. నేలలోంచి చెమ్మ ఎక్కుతుంది, సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. ఎక్కేది ఎక్కుతుంది, ఆరేది ఆరుతుంది, గోడ బాగానే ఉంటుంది. మీరు సిమెంటు పూత పూసి పైన ఆయిల్ పెయింటు వేశారనుకోండి, తడిబట్ట మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఆరేసినట్టే. చెమ్మ ఎటు పోతుంది? పైకి పోతుంది. రెండడుగులు ఉన్నది నాలుగడుగులకి ఎక్కుతుంది. ఉప్పు పొంగుతుంది, లోపల ఇటుక పిండి అయిపోతుంది. సిమెంటు పలక మాత్రం గట్టిగానే ఉంటుంది, ఒకరోజు మొత్తం పలకగా ఊడి పడుతుంది. ఇటుకల్ని కూడా పట్టుకుని వస్తుంది. నేల సంగతి కూడా అంతే. చీమకుర్తి పక్కనే ఉంది కదా అని పాత గచ్చు పగలగొట్టి నున్నటి గ్రానైటు పరిచేస్తా ఉన్నారు. నేలలోని చెమ్మకి దారి లేక గోడల్లోకి పోతుంది. నాపరాయి వేసుకోండి, బేతంచర్ల రాయి వేసుకోండి, సున్నం మీద పరిపించండి.

ఇంకో మాట. చెమ్మకి మందు గోడ మీద వెతక్కండి, ముందు వీధిలో వెతకండి. మీ చిన్నప్పుడు అరుగు ఎక్కాలంటే ఎన్ని మెట్లు? ఇప్పుడు ఎన్ని మిగిలాయి? సీసీ రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు తవ్వకుండా దాని మీదనే ఇంకోటి వేస్తారు. అరుగు కిందికి పోతుంది, రోడ్డు పైకి వస్తుంది. వాన పడితే నీళ్ళు గడప దగ్గర. ఇట్టాంటి ఇంటికి ఏ సున్నం పూసినా ఏం లాభం? గోడ చుట్టూ అడుగు వెడల్పున తవ్వి నీళ్ళు పోయే దారి చేయండి. మిద్దె మీద తూములు మూసుకుపోయాయేమో చూడండి. పిట్టగోడ సందులో రావి మొక్క ఉందేమో చూడండి. దీనికి ఏ నిపుణుడూ అక్కర్లేదు, ఒక మనిషి, ఒక పలుగు. సగం ఇళ్ళలో నన్ను పిలిచిన జబ్బు ఇక్కడితోనే తగ్గిపోయింది.

సున్నం తెలిసినవాళ్ళు

సరే, సున్నం. ఇది కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతా ఉన్నారు. “సున్నం పని చేసేవాళ్ళు ఇప్పుడెవరున్నారు సార్?” అంటారు. ఇళ్ళ దగ్గర వెతికితే లేరు. గుళ్ళ దగ్గర వెతకండి. గుడికి సంప్రోక్షణ అంటే ముందు గోపురం మీద బొమ్మలు బాగుచేయాలి, సున్నపు పని చేయాలి. ఆ పనికి వచ్చినవాళ్ళలో తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు, మనవాళ్ళూ ఉంటారు. మీ ఊరి పక్కన ఏ గుడికి పరంజా కట్టి ఉన్నా ఒక సాయంత్రం పోయి నిలబడండి. స్థపతి, అంటే ఆ శిల్పులకి పెద్ద, ఎవరని అడగండి. తిరుపతిలో దేవస్థానం వాళ్ళ శిల్ప శిక్షణ సంస్థ ఉంది, 1960 నుంచి నడుస్తోంది. రాయి, చెక్క, లోహం, సుధ పని నేర్పుతారు అక్కడ. సుధ అంటే మన గార, సున్నపు పని. అక్కడ చదివి బయటికొచ్చిన పిల్లలు మన జిల్లాల్లోనూ ఉంటారు. హైదరాబాదులో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013లో పని మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సున్నంతోనే చేయించింది. అక్కడ చేయి తిరిగిన మేస్త్రీలు ఇప్పుడు వేరే పనుల్లో ఉన్నారు. ఒకాయన దొరికితే ఆయన ద్వారా ఇంకొకాయన దొరుకుతాడు, బేల్దారి పనిలో అందరికీ అందరూ తెలుసు.

మరి సరుకు? గుల్ల సున్నానికి పులికాట్ వైపు, తడ, సూళ్ళూరుపేట ప్రాంతాల్లో గుల్ల కాల్చడం పాతకాలపు వృత్తి. బకింగ్‌హాం కాలువ మీద పడవలు తిరిగిన రోజుల్లో ఉప్పూ కట్టెలూ కలపా అన్నీ ఆ కాలువ మీదే వచ్చేవి. ఇప్పుడు పడవలు లేవు, లారీలు ఉన్నాయి. రాతి సున్నానికి ప్రకాశం వాళ్ళకి పిడుగురాళ్ళ దగ్గర, అక్కడ ఊరి చుట్టూ సున్నపు బట్టీలే. కొనేటప్పుడు పొడి కొనకండి, గడ్డలు కొనండి. బాగా కాలిన గడ్డ చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంటుంది. నీళ్ళలో వేస్తే బుసబుసమని పొంగాలి. చల్లగా పడుకుంటే అది గాలికి చచ్చిపోయిన సున్నం, వెనక్కి ఇచ్చేయండి. తెచ్చిన రోజే గుంటలో నానబెట్టాలి. ముందు నీళ్ళు, తర్వాత సున్నం, దీన్ని తిరగేయకండి. కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకూడదు. మరిగే సున్నం కంట్లో పడితే చూపే పోతుంది. పడితే వెంటనే మంచినీళ్ళతో కడుగుతానే ఉండండి, పావుగంట పైనే కడగండి, తర్వాత కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

నానిన సున్నం ఎంత పాతబడితే అంత మంచిది. నెల రోజులైనా నీళ్ళ కింద ఉండనివ్వండి. దాన్ని ఇసుకతో కలిపి నూరడానికి గానుగ ఎక్కడ దొరుకుతుందీ అంటారా? ఎద్దులు తిప్పే గానుగ కోసం చూస్తే ఇల్లు కూలిపోతుంది. కరెంటుతో తిరిగే మర చాలు, కాంక్రీటు కలిపే డ్రమ్ము మాత్రం చాలదు, అది కలుపుతుంది గానీ నూరదు. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ దాకా ఇసుక, ఆ మూడింట్లో కొంత ఇటుక పొడి. పెన్నా ఇసుక బాగుంటుంది. సముద్రపు ఇసుక జోలికి పోకండి, ఉప్పుని మీరే కొని తెచ్చి గోడలో పెట్టుకున్నట్టు. సరిగ్గా నూరిన ముద్దని తాపీ మీదకి తీసుకుని తాపీ తిరగేస్తే అట్టాగే పట్టుకుని ఉండాలి, జారకూడదు. మేస్త్రీ ఆ పరీక్ష చేసి చూపించకపోతే మీరు అడిగి చేయించండి. పూత పలచగా వేయాలి, ఆరనిచ్చి ఇంకోటి వేయాలి, తడి గోనెపట్టలు కప్పి ఉంచాలి.

అందుకే సున్నం పని గుత్తకి, అంటే మొత్తం పనికి ఒక రేటు మాట్లాడి, ఇవ్వకండి. గుత్త తీసుకున్నవాడికి తొందర, సున్నానికి తొందర లేదు. రోజు కూలికి పెట్టుకోండి, ఖర్చు ఎక్కువగానే కనపడుతుంది, ఒప్పుకుంటాను. ముందు పెరటి గోడ మీద ఒక గజం మేర చేయించి, రెండు వారాలు ఆగి చూసి, తర్వాత హాల్లోకి రానివ్వండి. పని తెలిసిన మేస్త్రీ దీనికి ఏమీ అనుకోడు.

నెల్లూరులో వరద నీళ్ళు ఎక్కిన ఇళ్ళవాళ్ళు ఇక్కడున్నారా? చేతులెత్తండి. ఓహో, చాలామందే ఉన్నారు. 2021 నవంబరులో పెన్నా పొంగి నీళ్ళొచ్చిన ఇళ్ళలో కొంతమంది సంక్రాంతికల్లా పూత పూయించేశారు. గోడ లోపల ఇంకా తడే. మొన్న ఒకరి ఇంట్లో చూశాను, పూత ఉబ్బి ఉంది, వేలుతో నొక్కితే లోపల సుద్దపిండి. మళ్ళీ ఎప్పుడన్నా అట్టా జరిగితే, రాకూడదనే కోరుకుందాం గానీ, పాడైన పూత తీసేసి గోడని ఒక ఎండాకాలం మొత్తం ఊరికే వదిలేయండి. చూడ్డానికి బాగుండదు. చుట్టాలొస్తే నామోషీగా ఉంటుంది. ఉండనీయండి.

చెక్క, పెంకు, కొలతలు

చెక్క దగ్గరికి వద్దాం. పాత టేకు మధ్యలో పాడవదు, గోడలో దూరిన చివర పాడవుతుంది. చెమ్మ అక్కడ, చెదలు అక్కడ. ఒక స్క్రూడ్రైవరు తీసుకుని దూలం గోడలోకి పోయే చోట గుచ్చి చూడండి. పావంగుళం దిగి ఆగితే భయం లేదు. కసుక్కున పిడి దాకా దిగితే ఆ దూలం కింద మంచం వేసుకోవద్దు, ముందు కింద నుంచి ఆనుగా పోటు కట్టించండి. అంతమాత్రాన దూలం మొత్తం పారేయక్కర్లేదు. కుళ్ళిన చివర ఏటవాలుగా కోసేసి అదే జాతి ఎండు చెక్క అతికి, రెండు వైపులా ఇనప పట్టీలేసి బోల్టులు బిగిస్తారు. ఈ పని కిటికీలూ కప్‌బోర్డులూ చేసే వడ్రంగి చేయలేడు. ఎవరు చేస్తారు? గుడి రథాలు బాగుచేసే వడ్రంగులు చేస్తారు. లావు చెక్కని అతకడం, దాని మీద బరువు పడితే ఎట్టా ఉంటుందో ఊహించడం వాళ్ళకి రోజూ పని. కలప కోసం అడితీలకి, అంటే కలప అమ్మే డిపోలకి, పోండి. పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చిన దూలాలూ ద్వారబంధాలూ అక్కడికే చేరతాయి. తీసుకున్న ప్రతి ముక్కకీ బిల్లు అడగండి, టేకు దారిలో పట్టుకుంటే మీ మాట ఎవరూ వినరు. తమిళనాడులో కారైక్కుడి దాకా పోగలిగితే, అక్కడ చెట్టియార్ల ఇళ్ళ తలుపులూ స్తంభాలూ పేర్చి అమ్మే వీధే ఉంది. మోజుపడి అన్నీ కొనుక్కురాకండి. మీ ఇంటికి కావలసిన కొలత కాగితం మీద రాసుకుని పోండి.

పెంకు సంగతి త్వరగా చెప్పేస్తాను. మనం బెంగుళూరు పెంకు అంటాం గానీ ఇది మొదలైంది మంగళూరులో, 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు పెట్టిన కార్ఖానాలో. మీ పెంకు తిరగేసి చూడండి, వెనక కార్ఖానా పేరు అచ్చు పడి ఉంటుంది. అదెందుకంటే, ఒక కార్ఖానా పెంకు ఇంకో కార్ఖానా పెంకుతో సరిగ్గా కూర్చోదు, సందు వస్తుంది, సందులోంచి జల్లు కొడుతుంది. పగిలినవాటికి బదులు తెచ్చుకునేటప్పుడు ఆ పేరు చూసి అదే తెచ్చుకోండి. కూల్చేసే పెంకుటిల్లు ఎక్కడ కనపడినా ఆ పేరు కోసం వెతకండి, దొరికితే వంద ఎక్కువే తెచ్చి పెరట్లో పేర్చుకోండి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ గాలికి ముందు లేచేవి చూరు దగ్గరి వరసలు, కొప్పు పెంకులు. సముద్రం దగ్గరివాళ్ళు ఆ వరసల్ని తీగతో కట్టించుకోండి.

ఇప్పుడు చదువుకున్నవాళ్ళ సాయం. ఇంజనీర్లు కోప్పడకండి, నేనూ మీలో ఒకణ్ణే. మనకి కాలేజీలో నేర్పింది ఉక్కు, కాంక్రీటు. పాత మిద్దె చూపిస్తే “లైఫ్ అయిపోయింది, తీసేయండి” అనడం మనకి తేలిక. ఇంటివాళ్ళకి నా సలహా ఏమంటే, ఇంజనీరుని పిలిచినప్పుడు ఉత్త చేతులతో పిలవకండి. భారత ప్రమాణాల సంస్థ వాళ్ళ ఐ.ఎస్. 2119 అని ఒక ప్రమాణం ఉంది, అచ్చంగా మద్రాసు మిద్దె గురించే రాసింది. సున్నం ఎట్టా ఉండాలో చెప్పేది ఐ.ఎస్. 712. సున్నపు కాంక్రీటుకి ఐ.ఎస్. 2541. కట్టిన ఇంటికి చెదల మందు ఎట్టా కొట్టాలో ఐ.ఎస్. 6313, మూడో భాగం. ఇవన్నీ ఆ సంస్థ వెబ్‌సైటులో డబ్బు కట్టకుండానే దించుకోవచ్చు. ప్రింటు తీసి బల్ల మీద పెట్టండి. సున్నం అంటే పల్లెటూరి వైద్యం కాదని అప్పుడు తెలుస్తుంది. పాత మిద్దె కారుతోందని దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు పోయించమని ఎవరన్నా అంటే ఒక్క లెక్క చెప్పమనండి. చదరపు మీటరుకి దాదాపు రెండు వందల యాభై కిలోలు కొత్తగా ఆ దంతెల మీద పడతాయి. ఆ దంతెలు మోస్తాయా? రాసి సంతకం పెట్టమనండి.

కొలతలు, డ్రాయింగులు కావాలంటే విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, 2008లో వచ్చిన కేంద్ర సంస్థ. పాత కట్టడాల పరిరక్షణలో పీజీ కోర్సు ఉంది అక్కడ. ఆర్కిటెక్చరు పిల్లలందరికీ పాత ఇల్లు ఒకటి పూర్తిగా కొలిచి గీయడం చదువులో భాగం. వాళ్ళకి ఇల్లు కావాలి, మీకు డ్రాయింగు కావాలి. నాలుగు ఫొటోలు, ఊరి పేరు, ఇంటి వయసు రాసి శాఖాధిపతికి ఉత్తరం పెట్టండి. పిల్లలు వస్తే అన్నం పెట్టండి, పడుకోడానికి చోటివ్వండి, మిద్దె మీదకి ఎక్కించేటప్పుడు మాత్రం మీరు పక్కన ఉండండి. వాళ్ళు గీసిచ్చిన కాగితం బ్యాంకుకి పనికొస్తుంది, మేస్త్రీకి పనికొస్తుంది, అన్నదమ్ముల మధ్య మాటకి కూడా పనికొస్తుంది. 1984లో పెట్టిన ఇన్‌టాక్ అని పాత కట్టడాల పరిరక్షణ కోసం పనిచేసే ఒక సంస్థ ఉంది, మన రాష్ట్రంలోనూ శాఖలున్నాయి. మీ ఇంటికి డబ్బు పెట్టడం వాళ్ళ పని కాదు, పని తెలిసిన ఆర్కిటెక్టు ఎవరో చెప్పగలరు. 2004లో వాళ్ళు ప్రకటించిన పత్రంలో ఒక మంచి మాట ఉంది. ప్రభుత్వ రక్షణ లేని కట్టడాలకి సంప్రదాయ మేస్త్రీల చేతిపనికే పెద్దపీట వేయాలి అని. మద్రాసు ఐఐటీలో పాత కట్టడాల భద్రత మీద పనిచేసే కేంద్రం ఉంది. గోడ పక్కకి ఒరిగిందీ, పెద్ద బీట రోజురోజుకీ పెరుగుతోందీ అంటే అట్టాంటి నిపుణుల దగ్గరికే పోవాలి, నా లాంటివాడి కంటిచూపు చాలదు.

చేయించే ముందు చూసి రావాలనుకుంటే రెండు చోట్లు చెప్తాను. మద్రాసు దాటాక ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది, 1996లో తెరిచారు. నాలుగు రాష్ట్రాల పాత ఇళ్ళని విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. నెల్లూరులో పొద్దున రైలెక్కితే రాత్రికి వచ్చేయొచ్చు. మీ మేస్త్రీని కూడా తీసుకుపోండి, టికెట్టు మీరే పెట్టండి. ఇంకోటి మన పక్కనే, పెన్నా ఒడ్డున పల్లెపాడులో 1921లో గాంధీగారు ప్రారంభించిన పినాకినీ ఆశ్రమం.

ఇక కాగితాలు. పాత దస్తావేజు దొరికితే చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దులు, ఒక్కటే చదివి మడిచి పెట్టకండి, ఇల్లు ఎట్టాంటిదని రాశారో చూడండి. “దంతెల మిద్దె” అని రాశారా, “పెంకుటిల్లు” అని రాశారా, ఎన్ని అంకణాలు, బావి ఉందా. అది మీ ఇంటికి పుట్టుమచ్చల వివరం. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం, ఆన్‌లైన్‌లో తీస్తే 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఏ ఆఫీసులో? ఇక్కడే ప్రకాశం వాళ్ళు తిరిగి తిరిగి అలిసిపోతారు. ఇప్పుడు ప్రకాశం అంటున్న ఒంగోలు జిల్లా పుట్టిందే 1970లో. అంతకు ముందు ఒంగోలు, అద్దంకి వైపు గుంటూరు జిల్లా. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. ఆ తర్వాత కూడా గీతలు మారతానే ఉన్నాయి. మీ ఇల్లు కదల్లేదు గానీ దాని రికార్డు ఏ జిల్లా కేంద్రంలో ఉందో మాత్రం ఆ ఏడాదిని బట్టి వెతుక్కోవాలి. ఇంకో చిన్న జాగ్రత్త. కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల మీ ఇల్లుంటే కొత్త కట్టడం కుదరదు, మరమ్మతుకి కూడా అనుమతి కావాలి. ఆ పైన ఇంకో రెండు వందల మీటర్ల దాకా కూడా అనుమతి తీసుకునే చేయాలి. పాత కోటల పక్కన, గుళ్ళ పక్కన ఉన్నవాళ్ళు ముందే కనుక్కోండి.

ఎప్పుడు మొదలుపెట్టాలీ అంటే, మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మిద్దె విప్పే పని సంక్రాంతి వెళ్ళాక పెట్టుకోండి. ఎండలు ముదిరితే సున్నం పూత తొందరగా ఎండి పగులుతుంది, కాబట్టి బయటి గోడల పూత మార్చి లోపలే ముగించుకోండి. సున్నం మాత్రం కార్తీకంలోనే తెచ్చి నానేయండి. అప్పుడు జనవరికి మీ సున్నం సిద్ధంగా ఉంటుంది.

ఇక మీరు అడగండి. ఆ చివర, అమ్మా మీరు. మైకు అక్కడికి పంపండి.

ఆమె అడిగేది ఏందంటే, వాళ్ళ మామగారి ఇల్లు ముగ్గురు అన్నదమ్ములది, ఒకాయన అమెరికాలో, ఒకాయన బెంగుళూరులో, ఇక్కడున్నది వీళ్ళే. బాగుచేయిస్తే రేపు వాటా అడుగుతారేమోనని భయం. అడుగుతారమ్మా, ఎందుకు అడగరు? వాళ్ళ ఇల్లు కూడా కదా. సున్నం కంటే ముందు ఇది తేల్చుకోండి. పంచుకుంటే భాగపరిష్కార దస్తావేజు రిజిస్టరు చేయించుకోండి. పంచుకోకుండా ఉమ్మడిగానే ఉంచుకుంటాం అంటే, ఎవరు ఎంత పెడతారు, పెట్టింది అప్పుగా లెక్కా కానుకగా లెక్కా, అమ్మితే ముందు ఎవరికి ఎంత తీయాలి, ఇవన్నీ కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి. ఖర్చు బిల్లులు ఒక ఫైల్లో పెట్టి నెలనెలా ఫొటోలతో సహా ఇద్దరికీ పంపండి. అమెరికా ఆయన మీ వారికి పవరు, అంటే తన తరఫున వ్యవహరించే అధికారపత్రం, ఇవ్వాలంటే అక్కడ మన కాన్సులేటులో సంతకం ధ్రువీకరించి పంపాలి. ఆ కాగితం ఇండియాకి చేరిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. కవరు మీద తేదీ ముద్ర ఉంటుంది, ఆ కవరు పారేయకండి, దస్తావేజుకి పిన్ను కొట్టి ఉంచండి. తర్వాత ఎవరు? ఆ, చారల చొక్కా ఆయన, చెప్పండి.